నీరసానికి ఇంగ్లిషు మాటలు: పదమూడేళ్ళ వాడకం తర్వాత

అమెరికా డాక్టర్లు రికార్డు చేసి పంపింది హైదరాబాద్‌లో కూర్చుని రాత్రంతా టైపు చేయడం నా ఉద్యోగం. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. పదమూడేళ్ళయింది. మిక్సీ మీదా ఫోను మీదా రివ్యూలు రాస్తాం కదా, రోజూ చేతిలో నలిగే ఈ మాటల మీద కూడా ఒకటి రాద్దామనిపించింది.

మనవాళ్ళు ఎక్కువగా వాడేదీ, ఎక్కువగా పొరబడేదీ లెథార్జిక్. ఆదివారం మంచం దిగబుద్ధి కాకపోతే "లెథార్జిక్‌గా ఉంది" అనేస్తాం. మామూలు ఇంగ్లిషులో చెల్లుతుంది. ఆసుపత్రిలో మాత్రం అది మగతకి పేరు. పిలిస్తే కళ్ళు తెరిచి, జవాబు సగంలో ఉండగానే మళ్ళీ నిద్రలోకి జారిపోయే మనిషి లెథార్జిక్. ఇంకో మెట్టు దిగితే అబ్‌టండెడ్, దాని కింద స్టూపర్, అట్టడుగున కోమా.

టెక్సస్‌లో ఉండే మా చెల్లెలు పిల్లాడికి జ్వరమొస్తే నర్సుకి ఫోన్ చేసింది. డల్‌గా ఉన్నాడంటే సరిపోయేది. కాస్త మంచి ఇంగ్లిషు మాట్లాడదామని లెథార్జిక్ అంది. అంతే, అవతలి గొంతు మారిపోయింది. లేపితే లేస్తున్నాడా, పాలు తాగుతున్నాడా, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకురండి! పిల్లాడేమో ఆ టైముకి సోఫాలో కూర్చుని టీవీ రిమోట్ కొరుకుతున్నాడు.

లిస్ట్‌లెస్ నా జీతం కోయించింది. చేరిన రెండో ఏడు, పిల్లల డాక్టరు డిక్టేషన్, వెనకాల ఏదో ఏడుపు. నాకు రెస్ట్‌లెస్ అని వినబడింది, అదే కొట్టాను. క్వాలిటీ వాళ్ళు క్రిటికల్ ఎర్రర్ అని ఎర్రగా గీసి పంపారు. గీయరా మరి! ఒకటి కుదురుగా కూర్చోని పిల్ల, ఇంకొకటి బొమ్మ చేతికిచ్చినా పట్టుకోని పిల్ల. ఇందులోని లిస్ట్ మన సరుకుల లిస్టు కాదు, పాత ఇంగ్లిషులో కోరిక. ఒంట్లో సత్తువ ఉన్నా దేనిమీదా మనసు పోకపోతే లిస్ట్‌లెస్ అనొచ్చు.

వీక్‌నెస్ అంటే మనకి సెలైన్ ఎక్కించుకునే జబ్బు. అక్కడి న్యూరాలజిస్టుకి అది కండరం లెక్క: సున్నా నుంచి 5 దాకా మార్కులు, 5 అంటే పూర్తి బలం. ఊరికే నీరసంగా ఉంటే ఫటీగ్ అని వేరే రాయిస్తారు. ఎగ్జాస్టెడ్‌కి మూలం లాటిన్‌లో నీళ్ళు తోడేయడం, అది తెలిశాక ఆ మాట ఎప్పుడు విన్నా ఎండిన బావే కళ్ళ ముందుకొస్తుంది.

నాకు బాగా నచ్చింది మలేజ్. జ్వరం ఇంకా రాలేదు, ఫలానా చోట నొప్పనీ లేదు, ఒళ్ళు మాత్రం బాగోలేదు. మా అమ్మ "నలతగా ఉందిరా" అనేది సరిగ్గా దీన్నే. 1979లో ప్రెసిడెంట్ కార్టర్ ఇచ్చిన ఒక ప్రసంగానికి ఈ మాటే పేరుగా స్థిరపడింది. తమాషా ఏంటంటే ఆ ప్రసంగంలో ఆయన ఈ మాట అననే లేదు.

ఇండొలెంట్‌ని సోమరి అని స్కూల్లో బట్టీ పట్టాను. లింఫోమా రిపోర్టులో మొదటిసారి విన్నప్పుడు ఆడియో మూడుసార్లు వెనక్కి తిప్పాను. నెమ్మదిగా పెరిగే క్యాన్సరట. సోమరితనం మంచిదైన చోటు నాకు అదొక్కటే కనబడింది.

పేషెంట్లు వీటిలో దేన్నీ పెద్దగా వాడరు. "ఐ యామ్ జస్ట్ టైర్డ్" అంటారు, డాక్టరు దాన్ని కొటేషన్‌లో పెట్టమంటాడు, పెడతాను. తెల్లారి షిఫ్టు దిగి ఇంటికొస్తే అమ్మ టిఫిన్ తినమంటుంది. ఓపిక లేదమ్మా అంటాను. ఒంట్లో బలం అయిపోయిందనా, ఇంక సహనం లేదనా? రెండూను. అమ్మ అడగదు, ప్లేటు మీద మూతపెట్టి వెళ్ళిపోతుంది.