మా గానుగ కొట్టు: సరుకు మంచిది, బోర్డులు తీసేయాలి

తార్నాక మెట్రో స్టేషన్ నుంచి మా ఇంటికి నడిచి వచ్చే దారిలో ఒక గానుగ నూనెల కొట్టు ఉంది. నూనెలతో పాటు చిరుధాన్యాలు, దంపుడు బియ్యం, తాటిబెల్లం, పొడులు అమ్ముతారు. రెండేళ్లుగా ప్రతి శనివారం అక్కడికి వెళ్తున్నాను. పేరు మాత్రం రాయను. నా ఫిర్యాదు ఆ ఒక్క కొట్టుకే పరిమితమైనది కాదు. ఇలాంటివి నగరంలో ఇప్పుడు కాలనీకి ఒకటి ఉన్నాయి, గోడల మీది రాతలూ దాదాపు ఒకే రకంగా ఉంటున్నాయి.

నేను ప్రభుత్వ ఆసుపత్రి ప్రయోగశాలలో 31 ఏళ్లు రక్తపరీక్షలు చేసి పదవీ విరమణ చేశాను. తినే వస్తువు గురించి ఎవరేం చెప్పినా, అది రక్తంలో ఎలా కనిపిస్తుందో చూడాలనిపించడం నాకు అలవాటు.

ముందు నూనె సంగతి. కొట్టు వెనక గదిలో చెక్క గానుగ మోటారుతో తిరుగుతూ ఉంటుంది. పది గంటలకు వెళ్తే వేరుశనగ ఆడుతూ ఉంటారు, వాసన వీధి మలుపు దాకా వస్తుంది. తెచ్చిన నూనెను గాజు సీసాలో పోసి రెండు రోజులు కదపకుండా ఉంచితే అడుగున మడ్డి దిగుతుంది. పైది వంపుకుని వాడుకోవాలి. లీటరు 360 రూపాయలు. ఖరీదే, కానీ పోపు వేసినప్పుడు ఆ డబ్బు ఎక్కడికి పోయిందో తెలుస్తుంది.

అయితే నేను ఆ నూనెను నమ్మడానికి అసలు కారణం రుచి కాదు. వేరుశనగకు బూజు పడితే అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. శుద్ధి చేసిన నూనెలో ఆ ప్రక్రియలోనే అది చాలావరకు పోతుంది. గానుగ నూనెలో అలా పోయే దారి లేదు. గింజ మంచిదైతేనే నూనె మంచిది. మొదటి నెలలోనే ఈ సంగతి యజమానిని అడిగితే, ఏమీ అనకుండా నన్ను వెనక వరండాలోకి తీసుకువెళ్లాడు. ముగ్గురు ఆడవాళ్లు చాటల్లో గింజలు పోసుకుని నల్లబడినవీ ముడుచుకుపోయినవీ ఏరి పక్కన పెడుతున్నారు. ఆ కొట్టులో మెచ్చుకోవలసిన పని అదే. దాని గురించి ఒక్క బోర్డు కూడా లేదు.

తెలగపిండి కూడా అక్కడే తీసుకోండి. నువ్వులు ఆడిన రోజున వచ్చేది ఇంకా మెత్తగా ఉంటుంది. మునగాకు వేసి కూర చేస్తే మా అమ్మ చేతి వంట గుర్తుకువచ్చింది. కొర్రల్లో ఒకసారి వానాకాలంలో పురుగు వచ్చింది, తిరిగి ఇస్తే మారు మాట్లాడకుండా మార్చారు. తూకం యంత్రం అంకెలు మాత్రం కొనేవాళ్ల వైపు తిప్పి పెట్టాలి. చెప్పాను, ఇంకా తిప్పలేదు.

ఇక బోర్డులు. ఇరవై దాకా ఉన్నాయి, ఒక్కో అర మీద ఒక్కొక్కటి.

తాటిబెల్లం మీద ఇలా ఉండేది: 'మధుమేహం ఉన్నవారు నిశ్చింతగా వాడవచ్చు.' సీతాఫల్‌మండిలో ఉండే మా అక్కకు పన్నెండేళ్లుగా మధుమేహం. ఆమెను ఆ కొట్టుకు మొదట తీసుకువెళ్లింది నేనే. నేను నూనె పోయించుకుంటుంటే ఆమె బోర్డు చదివి రెండు కిలోలు కొనుక్కుంది. అప్పటిదాకా కాఫీ చేదుగానే తాగే మనిషి, రోజుకు మూడు కప్పుల్లో రెండేసి చెంచాలు వేసుకోవడం మొదలుపెట్టింది. భోజనం తర్వాత ఒక ముక్క వేరే. నాకు చెప్పలేదు, చెప్పవలసిన విషయమని ఆమెకు తోచలేదు. నాలుగు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష అంకె, 7.2 నుంచి 8.8కి పెరిగింది. మందులు మారలేదు, నడక మానలేదు. డాక్టరు ఒక్కొక్కటే అడుగుతూ పోతే చివరికి బెల్లం బయటపడింది. "గోడ మీద రాశారు కదే" అంది అక్క, నా వైపు చూసి.

చెరకు బెల్లమైనా తాటిబెల్లమైనా అందులో అత్యధిక భాగం సుక్రోజే, అంటే పంచదారలో ఉన్నదే. కొద్దిగా ఇనుము, కొన్ని ఖనిజాలు అదనం, ఆ మాట నిజం. కానీ ఆ కొద్ది ఇనుము చక్కెరను రక్తంలోకి వెళ్లకుండా ఆపలేదు. నాకు నిద్ర పట్టక గ్లూకోమీటరుతో నా మీదే పరీక్ష పెట్టుకున్నాను. మూడు రోజులు పరగడుపున 20 గ్రాముల పంచదార నీళ్లలో కలిపి, మరో మూడు రోజులు అంతే తాటిబెల్లం కలిపి తాగాను. గంట తర్వాతి అంకెల మధ్య తేడా 10 దాటలేదు. గ్లూకోమీటరే అంతమాత్రం అటూ ఇటూ చూపిస్తుంది. ఒక్క మనిషి రక్తంతో చేసినది శాస్త్రం కాదని నాకు తెలుసు. అక్కకు చూపించడానికి మాత్రం ఆ కాగితం సరిపోయింది.

సైంధవ లవణం బోర్డు నన్ను ఇంకా ఎక్కువ కలవరపెడుతుంది. '84 ఖనిజాలు, అయోడిన్ రసాయనం కలపనిది' అని దాని మీద ఉంది. ఆ గులాబీ ఉప్పుకు పేరుపడ్డ గని పాకిస్తాన్ పంజాబులోని ఖేవ్రాలో ఉంది. రంగు ఇనుము వల్ల వచ్చింది. నూటికి 97, 98 పాళ్లు మామూలు ఉప్పే, మిగతా ఖనిజాలన్నీ కలిపి ఆ రెండు మూడు పాళ్లలో సర్దుకోవాలి. ఆ ఖనిజాల కోసం ఉప్పు పెంచితే రక్తపోటు పెరుగుతుంది.

అయోడిన్ లేకపోవడాన్ని గొప్పగా రాయడం మాత్రం క్షమించలేను. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, గర్భిణికి ఇంకా ఎక్కువ. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి థైరాయిడ్ హార్మోను కావాలి, ఆ హార్మోనుకు అయోడిన్ కావాలి. అందుకే మన దేశంలో ఇంటికి చేరే ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలని నిబంధన పెట్టారు. మా కింది వాటాలో అద్దెకు ఉండే అమ్మాయికి ఐదో నెల. ఆరోగ్యానికి మంచిదని ఇంట్లో ఉప్పంతా మార్చేసింది, పైగా రోజూ సజ్జ రొట్టెలు. సజ్జల్లో థైరాయిడ్ పనికి అడ్డుపడే పదార్థాలు ఉన్నాయి. అయోడిన్ సరిగా అందేవారికి దానితో పెద్ద చిక్కు ఉండదు, అందనివారికే కష్టం. ఆ సాయంత్రమే అయోడిన్ ఉప్పు ప్యాకెట్టు తీసుకుని కిందికి వెళ్లాను. "ఎవరూ చెప్పలేదు ఆంటీ" అంది.

మునగాకు పొడి బోర్డు అబద్ధమనలేను. 'పాల కంటే 17 రెట్లు కాల్షియం, నారింజ కంటే 7 రెట్లు సి విటమిన్.' ఎండబెట్టిన ఆకు 100 గ్రాముల్లో దాదాపు 2000 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలలో 120. లెక్క సరిగ్గానే ఉంది. కానీ పొడిని ఎవరూ వంద గ్రాములు తినరు. ఇంట్లో తూచాను, చిన్న చెంచాకు 3 గ్రాములు వచ్చింది. అంటే 60 మిల్లీగ్రాములు. ఒక గ్లాసు పాలలో 240 ఉంటుంది. సి విటమిన్ లెక్కేమో పచ్చి ఆకుది. ఎండబెడితే అందులో చాలా భాగం పోతుంది. పొడి కొనండి, నేనూ కొంటాను, కానీ పిల్లలకు పాలు మాన్పించి ఇవ్వకండి.

నూనె మీద 'కొలెస్ట్రాల్ లేదు' అని ఉంది. ఏ మొక్క నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, గానుగదైనా మిల్లుదైనా గ్రాముకు 9 కిలో కేలరీలే. గోధుమ రంగు గుడ్డుకు రెట్టింపు ధర పెట్టనవసరం లేదు, పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది.

జొన్నల బోర్డు దగ్గర ఇంకాస్త ఆగాలి. 'మన పూర్వీకులు జొన్నలే తిన్నారు, ఏ రోగమూ ఎరుగరు' అని రాశారు. ఆ కొట్టు నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఇక్కడికి వచ్చాక ఆ సంస్థ శాస్త్రవేత్తలు చూసిన జబ్బుల్లో పెలాగ్రా ఒకటి. ఎండ తగిలే చోట, మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పగులుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చలిస్తుంది. నియాసిన్ అనే బి విటమిన్ లోపం వల్ల వస్తుంది. దక్కనులో అది జొన్న తప్ప మరొకటి కొనుక్కోలేని పేదలకు వచ్చింది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి ఒక కారణమై ఉండవచ్చని ఆ సంస్థ శాస్త్రవేత్త సి. గోపాలన్, ఆయన సహచరుడు 1960లో ప్రతిపాదించారు. జొన్నరొట్టె నాకూ ప్రాణం. పప్పు, ఆకుకూర, పెరుగు పక్కన ఉంటే అది చక్కని భోజనం. పక్కన ఏమీ లేని కంచాల్లో జొన్న తిన్నవాళ్లు జబ్బుపడ్డారు. వాళ్లు మన పూర్వీకులే. వాళ్ల బాధను గోడ మీద చెరిపేయడం నాకు నచ్చలేదు.

అక్క రిపోర్టు, నా కాగితం రెండూ పట్టుకుని యజమాని దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లు కూడా నిండని అబ్బాయి. "ఆ బోర్డులు నేను రాయించలేదమ్మా, సరుకు పంపేవాళ్లే అచ్చువేసి ఇస్తారు" అన్నాడు.

"గోడ నీది కదా బాబూ. చదివేవాళ్లు నీ మాటగానే తీసుకుంటారు" అన్నాను. ఆహార భద్రత చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉందని కూడా చెప్పాను. బెదిరించడానికి కాదు, అతనికి తెలియదని అనిపించింది. రిపోర్టు రెండుసార్లు చదివాడు. "అక్కగారికి ఇప్పుడు ఎలా ఉందమ్మా?" అని అడిగాడు. తగ్గుతోందని చెప్పాను. స్టూలు వేసుకుని ఎక్కి తాటిబెల్లం బోర్డు అప్పుడే తీసేశాడు.

వెళ్లేవారికి: ఉదయం పది తర్వాత వెళ్తే గానుగ ఆడుతూ ఉంటుంది, నూనెకు మీ డబ్బా తీసుకువెళ్లండి. నువ్వులు ఎప్పుడు ఆడతారో ముందే అడిగి పెట్టుకోండి, తెలగపిండి మధ్యాహ్నానికే అయిపోతుంది. ఉప్పు మాత్రం కిరాణా కొట్టులో అయోడిన్ ఉన్నది కొనుక్కోండి. పోయిన శనివారానికి ఉప్పు బోర్డు, జొన్నల బోర్డు ఇంకా గోడ మీదే ఉన్నాయి. ఈ శనివారం మళ్లీ అడుగుతాను.