ఎంబీబీఎస్సా, బీఏఎంఎస్సా? తిరుపతిలో చేరేవాళ్లకు

ఎంబీబీఎస్‌కైనా, ఆయుర్వేద వైద్య డిగ్రీ బీఏఎంఎస్‌కైనా నీట్ రాయాల్సిందే. రెండూ నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. తేడా అంతా పనిలోనే.

ఎంబీబీఎస్: 1960లో పెట్టిన ఎస్వీ మెడికల్ కాలేజీలో చేరితే రుయా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు తప్పవు. పాముకాటు కేసొస్తే 2 మి.లీ. రక్తాన్ని పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకూడదు. వంచినప్పుడు గడ్డకట్టకుండా జారితే విరుగుడు ఎక్కించాలి. గొట్టాన్ని సబ్బుతో కడిగి ఉంటే ఫలితం తప్పొస్తుంది. అంత జాగ్రత్త కావాలి.

బీఏఎంఎస్: టీటీడీ వారి ఎస్వీ ఆయుర్వేద కళాశాల. శవచ్ఛేదం ఇక్కడా ఉంది, పైగా సంస్కృతం. కషాయమంటే ఒక వంతు చూర్ణానికి 16 వంతుల నీళ్లు, ఎనిమిదో వంతుకు మరగాలి. ప్రాక్టీసు నిలదొక్కుకోవడం నెమ్మది.

ఎమర్జెన్సీ, సర్జరీ మీద మనసుంటే లాంగ్‌టర్మ్ (ఏడాది ఆగి మళ్లీ నీట్ కోచింగ్) తీసుకునైనా ఎంబీబీఎస్సే. కీళ్లనొప్పులవాళ్లను నెలల తరబడి ఓపిగ్గా చూడగలిగితే బీఏఎంఎస్. ఎంబీబీఎస్ సీటు రాలేదని మాత్రం బీఏఎంఎస్‌లో చేరొద్దు.