పులిచింతల గేటు, ప్రకాశం బ్యారేజీ గేటు

కృష్ణకు వరదొస్తే విజయవాడలో మాకు టెన్షన్ రెండు చోట్ల. ఎగువన పులిచింతల: 45 టీఎంసీల నిల్వ, 24 గేట్లు. 2021 ఆగస్టులో అక్కడ 16వ గేటు ఊడి కొట్టుకుపోయింది. గేటు పోయిన ఖాళీని తాత్కాలికంగా మూసే స్టాప్‌లాగ్ పలకలు దించాలంటే ముందు నీటిమట్టం తగ్గాలి. దాంతో దాచుకున్న నీళ్లు చాలావరకు కిందికి వదిలేయాల్సొచ్చింది.

ప్రకాశం బ్యారేజీలో నిలిచేది మూడు టీఎంసీలే. దాని భయం కొట్టుకొచ్చే వాటితో. 2024 సెప్టెంబరులో, 11.43 లక్షల క్యూసెక్కుల వరదలో, పడవలొచ్చి గుద్దితే గేట్లు ఎత్తడానికి సమతూకంగా ఉండే కౌంటర్ వెయిట్ దిమ్మలు దెబ్బతిన్నాయి. 1957 నాటి కట్టడం మాత్రం నిలబడింది.

నన్నడిగితే పులిచింతలకే కాపలా ఎక్కువ కావాలి. అక్కడ గేటు మీది నీటి ఒత్తిడంతా దాన్ని పట్టుకున్న ఉక్కు చేతుల గుండా ట్రనియన్ అనే ఇరుసు మీద పడుతుంది. బ్యారేజీ మీద దిమ్మ పగిలితే దారినపోయేవాడికీ కనిపిస్తుంది, ఇరుసు దగ్గరి పగులు కనిపించదు.