పట్టిన కుందేలుకు మూడే కాళ్లు: అమోరిమ్ యునైటెడ్‌తో 14 నెలలు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు మాంచెస్టర్ యునైటెడ్ ఎన్ని కప్పులు గెలిచిందో, మేనేజరు ఫెర్గూసన్ వెళ్లిపోయిన 2013 తరువాత ఆ కుర్చీలో ఎంతమంది కూర్చుని లేచారో ఇక్కడ రాయబోవడం లేదు. ఈ జట్టు వెంట పడినవారికి అవన్నీ కంఠస్థమే. 2008 మే నెలలో మాస్కోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో చెల్సీ ఆటగాడు జాన్ టెర్రీ పెనాల్టీ తన్నబోయి కాలు జారిన రాత్రి నుంచి నేను ఈ జట్టును చూస్తున్నాను. 2024 నవంబరు నుంచి 2026 జనవరి మొదటి వారం వరకు మేనేజరు రూబెన్ అమోరిమ్ చేతిలో ఉన్న యునైటెడ్‌నైతే దాదాపు ఒక్క ఆట కూడా వదలకుండా చూశాను. ఇంత చూశాక నాకు చెప్పాలనిపిస్తున్నది ఒక్క విషయమే. అది వెనుక నిలబడే ఆ ముగ్గురి సంగతి.

వెనుక ముగ్గురు, నడుమ నలుగురు, ముందు ముగ్గురు నిలబడే 3-4-3 తనంతట తాను చెడ్డ పద్ధతి కాదు. ఇదే పద్ధతితో అమోరిమ్ లిస్బన్‌లోని స్పోర్టింగ్ జట్టుకు 2021లో, 19 ఏళ్ల ఎదురుచూపు తరువాత, పోర్చుగల్ లీగ్ టైటిల్ సంపాదించిపెట్టారు. 2024లో మళ్లీ గెలిపించారు. యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో అడుగుపెట్టడానికి కొద్ది రోజుల ముందు మాంచెస్టర్ సిటీని 4-1తో చిత్తు చేసి మరీ వచ్చారు. చిక్కల్లా, ఒకరికి చక్కగా కుదిరిన చొక్కాను కొలతలు తీసుకోకుండా మరొకరికి తొడగడంలో వచ్చింది. వెనుక ముగ్గురు, అంచుల్లో ఇద్దరు నిలబడితే మైదానం నడుమ మిగిలేది ఇద్దరే, ఎదుటి జట్టు అక్కడ ముగ్గురిని నిలబెట్టినప్పుడల్లా మనవాళ్లు బంతి వెంట పరిగెత్తడం తప్ప చేయగలిగింది లేకపోయింది. గోలుకు దగ్గరగా ఉండి పది మందికి వడ్డించవలసిన బ్రూనో ఫెర్నాండెజ్‌ను వెనక్కి లాగి, వయసు మీద పడుతున్న కాసెమీరో పక్కన కాపలాకు నిలబెట్టారు. బ్రూనో అక్కడికి రావడంతో, క్లబ్ అకాడమీలోనే పెరిగిన కోబీ మైనూకు చోటు లేకుండా పోయింది. అమోరిమ్ చివరి సీజనులో ఆ కుర్రవాడు లీగ్‌లో ఒక్క ఆటనైనా మొదటి నిమిషం నుంచి ఆడలేదు. వెనుక ముగ్గురనే ఆ ఒక్క గీత కోసం ఇద్దరు మంచి ఆటగాళ్లు వృథా అయ్యారన్నది నా మొదటి ఫిర్యాదు.

రెండో ఫిర్యాదు ఒక రాత్రికి సంబంధించినది, దాన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

2025 ఆగస్టు 27 వినాయక చవితి. పూజ అయింది, ఉండ్రాళ్లు తిన్నాం, శమంతకోపాఖ్యానం విని అక్షతలు తలమీద వేసుకున్నాం, చంద్రుణ్ణి చూడవద్దని అమ్మ చెబితే కిటికీ తెర కూడా వేశాను. వీధి చివర మండపంలో మైకు సద్దుమణిగాక, రాత్రి పన్నెండున్నరకు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని లీగ్ కప్పు రెండో రౌండు చూడడానికి కూర్చున్నాను. ఎదుటి జట్టు గ్రిమ్స్‌బీ టౌన్. అప్పటికి ఇంగ్లండ్‌లో నాలుగో అంచెలో ఉన్న జట్టు అది. వేదిక బ్లండెల్ పార్క్ అనే చిన్న మైదానం. ఆ వేసవిలో కున్యా, ఎంబూమో, షెష్కో అనే ముగ్గురు ముందువరుస ఆటగాళ్ల కోసం యునైటెడ్ దాదాపు 20 కోట్ల పౌండ్లు వెచ్చించింది. ఆ డబ్బుతో గ్రిమ్స్‌బీ లాంటి జట్లను ఎన్నింటిని కొనవచ్చో లెక్క వేయడం నా తరం కాదు.

అరగంట గడిచేసరికి 2-0. ఆధిక్యంలో ఉన్నది వాళ్లు. వెనుక ముగ్గురు ఉన్నా, ఆ ముగ్గురి మధ్య సందుల్లోంచి గ్రిమ్స్‌బీ ఆటగాళ్లు సంతలో తిరిగినట్లు తిరిగారు. విరామం తరువాత బ్రూనోను, ఎంబూమోను, డి లిఖ్ట్‌ను మైదానంలోకి దించారు. మనుషులు మారారు గాని గీత మారలేదు. అప్పుడే కెమెరా మేనేజరు కూర్చునే డగౌట్ వైపు తిరిగింది. మన మేనేజరు పలక ఒకటి ఒళ్లో పెట్టుకుని దాని మీద అయస్కాంతపు బిళ్లలను ఇటు అటు జరుపుకుంటూ కనిపించారు. లివర్‌పూల్ అభిమాని అయిన మా బావ దగ్గరనుంచి ఆ క్షణంలోనే సందేశం వచ్చింది: “ఏమోయ్, దసరా ఇంకా నెల ఉంది కదా, మీ ఆయన అప్పుడే బొమ్మల కొలువు సర్దుతున్నాడేమిటి?” నేను జవాబివ్వలేదు. ఆ బిళ్లలు ఎటు జరిగినా వెనుక వరుసలో మూడే ఉంటాయని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

75వ నిమిషంలో ఎంబూమో ఒకటి, 89వ నిమిషంలో మాగ్వైర్ తలతో మరొకటి కొట్టి సమం చేశారు. పెనాల్టీ షూటౌట్‌లో కున్యా ఐదో తన్ను గోలయితే గెలుపు మనదే అయ్యేది. గ్రిమ్స్‌బీ గోల్‌కీపర్ దాన్ని ఆపేశాడు. ఆ తరువాత ఇరువైపులా గోల్‌కీపర్లతో సహా అందరూ తన్నారు, వంతు మళ్లీ మొదటికి వచ్చింది, చివరకు ఎంబూమో తన్నిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి బయటపడింది. 12-11. ఆ షూటౌట్ జరిగినంతసేపూ అమోరిమ్ డగౌట్‌లోనే కూర్చుండిపోయారు. ఓడిపోవడం నన్ను అంతగా బాధించలేదు. ఈ జట్టుతో ఓటములకు నేను ఏనాడో అలవాటు పడ్డాను. తన జట్టు తన్నే పెనాల్టీలను చూడలేని మనిషి, అదే జట్టు గీతను మాత్రం ఏ మాత్రం సడలించకపోవడమే మింగుడుపడలేదు. చవితి చంద్రుణ్ణి చూడకపోయినా నింద తప్పలేదని మర్నాడు అమ్మతో అంటే, అర్ధరాత్రి దాకా మేల్కొన్నవాడికి అంతకంటే ఏం దక్కుతుందని తేల్చేసింది.

తరువాతి నెల విలేకరులు ఆ పద్ధతి గురించే అడిగితే, పోప్ వచ్చి చెప్పినా తాను మార్చబోనని ఆయన అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషిని మన ఇళ్లలో, ఆఫీసుల్లో రోజూ చూస్తూనే ఉంటాం, అయితే వాళ్ల కుందేలును శనివారం శనివారం 74 వేల మంది ముందు కుంటించరు.

ఇంతవరకు చదివి నేను మొదటినుంచీ ఆయనకు వ్యతిరేకిననుకుంటే పొరపాటు. 2024 డిసెంబరు 15న సిటీ మైదానం ఎతిహాడ్‌లో చివరి మూడు నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి సిటీని 2-1తో ఓడించినప్పుడు, ఫెర్గూసన్ తరువాత ఇన్నాళ్లకు ఒక మనిషి దొరికాడని మా బావతో పందెం కట్టినంత పని చేశాను. పేరున్న ముందువరుస ఆటగాళ్లు రాష్‌ఫర్డ్‌ను, గర్నాచోను ఆ ఆటకు జట్టులోకే తీసుకోకుండా వెళ్లిన ధైర్యాన్ని మెచ్చుకున్నాను. ఆ మెచ్చుకోలును ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను గాని, ఆ రోజుల్లో సిటీయే ఆటకొక ఓటమితో మంచాన పడి ఉన్నదన్న సంగతిని అప్పట్లో నేను కావాలనే పట్టించుకోలేదని ఒప్పుకోవాలి. ఆ సీజను ముగిసేసరికి యునైటెడ్ 18 ఓటములతో, 42 పాయింట్లతో 15వ స్థానంలో తేలింది. 1974లో రెండో అంచెకు దిగజారిన తరువాత ఇంత కింద ఎన్నడూ లేదు. సీజను నడుమ రావడం తనకు ఇష్టం లేదని ఆయన ముందే చెప్పారన్నది నిజం, ఆ ఆటగాళ్లు ఆయన ఎంచుకున్నవారు కారన్నదీ నిజం. అందుకే ఆ 15వ స్థానాన్ని నేను ఆయన ఖాతాలో మొత్తంగా వేయను, సగమే వేస్తాను.

ఆయన పుణ్యమా అని నాకు దక్కిన అత్యంత ఆనందమైన రాత్రి కూడా ఆ సీజనులోదే. 2025 ఏప్రిల్ 17, యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్ రెండో ఆట, ఓల్డ్ ట్రాఫర్డ్‌కు ఫ్రాన్స్ జట్టు లియోన్ వచ్చింది. మర్నాడు గుడ్ ఫ్రైడే సెలవు కావడంతో నిశ్చింతగా కూర్చున్నాను. మొదటి సగంలో 2-0 ఆధిక్యం. ఎనభయ్యో నిమిషం లోపే 2-2. లియోన్ ఆటగాడొకడు ఎర్ర కార్డుతో బయటికి వెళ్లాడు, అయినా అదనపు సమయంలో పది మందితోనే వాళ్లు 4-2కు దూసుకుపోయారు. నేను టీవీ కట్టేయడానికి రిమోట్ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు అమోరిమ్ తన పలకను పక్కన పడేసినట్లు ఒక పని చేశారు. వెనుక ముగ్గురిలో ఆడే మాగ్వైర్‌ను ముందువరుసలోకి, కాపలా ఇద్దరిలో ఒకడిగా నలిగిపోతున్న మైనూను గోలు ముందుకు పంపారు. 114వ నిమిషంలో బ్రూనో పెనాల్టీ, 120లో మైనూ, 121లో కాసెమీరో అందించిన బంతికి మాగ్వైర్ తల. 5-4. రెండు ఆటలు కలిపి 7-6. తెల్లవారుజామున మూడు దాటిన వేళ నోటికి దిండు అడ్డం పెట్టుకుని అరిచాను.

ఆ రాత్రిని చాలాకాలం అమోరిమ్ గొప్పతనానికి సాక్ష్యంగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అది మరో విషయానికి సాక్ష్యంగా కనిపిస్తోంది. మైనూ గోలు కొట్టింది ఆ ఇద్దరి గీత దాటి ముందుకు వెళ్లాక. మాగ్వైర్ గోలు కొట్టింది ఆ ముగ్గురి గీత వదిలి వచ్చాక. తన పద్ధతిని తానే చెరిపేసిన ఆరేడు నిమిషాల్లో ఆయన నా 17 ఏళ్ల అభిమానంలో మరచిపోలేని ఆటను ఇచ్చారు, మరుసటి వారం నుంచి మళ్లీ అదే గీత గీశారు. నెల తిరిగేసరికి బిల్బావోలో జరిగిన ఫైనల్లో, లీగ్‌లో మనకంటే కిందనున్న టాటెన్‌హామ్ చేతిలో 1-0తో ఓడిపోయాం. దాని గురించి ఎక్కువ రాయను. ఆ ఆటలో రాయదగ్గది కూడా ఏమీ లేదు.

2025 అక్టోబరులో కొన్నాళ్లు నేను తప్పేమోననుకున్నాను. సండర్లాండ్, లివర్‌పూల్, బ్రైటన్ మీద వరుసగా మూడు గెలుపులు. వాటిలో లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో 2-1 గెలుపు 2016 జనవరి తరువాత అక్కడ మొదటిది. ఆ ఆదివారం రాత్రి బావకు నాలుగు సార్లు ఫోన్ చేశాను, నాలుగు సార్లూ ఎత్తలేదు. ఎదురుదాడికి చోటిచ్చే పెద్ద జట్ల మీద ఈ 3-4-3 బాగానే పనిచేస్తుందని ఇప్పటికీ నమ్ముతాను. అయితే నవంబరు 24న ఎవర్టన్ ఓల్డ్ ట్రాఫర్డ్‌కు వచ్చింది. 13వ నిమిషంలో వాళ్ల ఆటగాడు గాయ్ సొంత జట్టువాణ్ణే చెంప మీద కొట్టి ఎర్ర కార్డు తీసుకున్నాడు. ఇంతటి వరం ఏ జట్టుకూ దొరకదు. అయినా పది మంది ఎవర్టన్ ఒక గోలు కొట్టి, మిగతా ఆటంతా గోడ కట్టి నిలబడి గెలిచింది. ఆ జట్టు మేనేజరు ఒకప్పుడు మన కుర్చీలోనే కూర్చుని పది నెలలకే దిగిపోయిన మోయెస్. ఎదుటివాళ్లు ముందు ఒక్కణ్ణి వదిలి అంతా వెనక్కి తగ్గితే, ఆ ఒక్కడికి ముగ్గురు కాపలా ఎందుకో తెల్లవారుజామున మూడు గంటలకు నాకు ఎవరైనా చెప్పి ఉంటే వినేవాణ్ణి.

ఇక చివరి అధ్యాయం. డిసెంబరు 26న న్యూకాసిల్ మీద ఆయన వెనుక నలుగురిని నిలబెట్టారు. 1-0తో గెలిచాం. పోప్ చెప్పకుండానే మార్చారు కదా అని సంబరపడ్డాను. నాలుగు రోజుల తరువాత, అప్పటికి 18 ఆటల్లో రెండే పాయింట్లతో పట్టిక అడుగున పడి ఉన్న వూల్వ్స్ మన ఇంటికి వస్తే, మళ్లీ ముగ్గురు. 1-1. వూల్వ్స్‌కు మూడో పాయింటు మనమే పెట్టి పంపాం. జనవరి 4న లీడ్స్‌తో మరో 1-1, ఆ ఆట తరువాత తాను వచ్చింది మేనేజరుగానే తప్ప ఉత్త కోచ్‌గా కాదని ఆయన అనడం, మర్నాడే క్లబ్ ఆయనను సాగనంపడం జరిగిపోయాయి. క్లబ్ పెద్దలతో పై గదుల్లో నడిచిన గొడవలో ఆయన పక్షాన కూడా న్యాయం కొంత ఉండి ఉంటుంది. నా తగవు దానితో కాదు.

అమోరిమ్ యునైటెడ్ ఎలా ఉండిందని ఎవరైనా అడిగితే, అడిగినవారు ఎప్పుడు నిద్రపోతారో ముందు తెలుసుకుని జవాబు చెబుతాను. ఆదివారం సాయంత్రం పకోడీలు తింటూ పెద్ద జట్లతో ఆటలు మాత్రమే చూసేవారికి ఈ 14 నెలలు అంత చేదుగా అనిపించకపోవచ్చు. ఇంగ్లండ్‌లో ఉండి రాత్రి ఎనిమిదికి చూసే మా మేనమామ కొడుకు ఆయన వెళ్లిపోయినందుకు నిజంగానే నొచ్చుకున్నాడు. నేను హైదరాబాదులో ఉదయం తొమ్మిదింటికి ఆఫీసులో కూర్చోవలసినవాణ్ణి. నా ఫిర్యాదులో నిద్రలేమి పాలు ఎంతో నేను విడదీయలేను. వారాంతపు ఆటలన్నీ ఇప్పటికీ చూస్తున్నాను. అర్ధరాత్రి ఆటలకు మాత్రం మర్నాడు సెలవుందో లేదో క్యాలెండరు చూసుకున్నాకే కూర్చుంటున్నాను.