స్కానర్ చూపింది సెన్సార్‌ని, తెగింది వైరు

స్టీరింగ్ కింద ఉండే సాకెట్లో గుచ్చి, బ్లూటూత్‌తో ఫోన్‌కి కలుపుకునే చిన్న ఓబీడీ స్కానర్ ఇది, కారు కంప్యూటర్‌లోని సమాచారాన్ని చదివి చూపిస్తుంది. ఏడాదిగా వాడుతున్నాను. కొనాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ఎర్రర్ కోడ్ చూసుకోవడానికి కాదు, లైవ్ డేటా (సెన్సార్లు ఆ క్షణంలో చూపే రీడింగులు) కోసం కొనండి.

నా కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజిన్ వణికేది. కోడ్ పీ0113, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడిని కొలిచే ఐఏటీ సెన్సార్‌ది. మెకానిక్ కోడ్ చూసి సెన్సార్ మార్చేశాడు. రెండో రోజుకే లైటు మళ్లీ వెలిగింది. టెన్షన్ పట్టుకుంది.

రాత్రంతా కారు కదపకుండా ఉంచి, తెల్లారి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి లైవ్ డేటా తెరిచాను. ఆ సమయంలో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం), గాలి రెండింటి వేడీ ఇంచుమించు ఒకటే ఉండాలి. కూలెంట్ 24 డిగ్రీలు. గాలి మైనస్ 40! ఈ సెన్సార్ చల్లబడేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది. సర్క్యూట్ తెగిపోతే కారు కంప్యూటర్‌కి అది గడ్డకట్టే చలిలా కనిపిస్తుంది.

కొత్త సెన్సార్ బయటికి తీసి మల్టీమీటర్ పెట్టాను. 2.1 కిలో ఓమ్‌లు. హెయిర్ డ్రయర్ పట్టగానే అంకె చకచకా దిగింది. సెన్సార్ బాగానే ఉంది. కనెక్టర్‌లోని రెండు పిన్నులనీ చిన్న వైరుతో కలిపాను. ఇలా కలిపితే రెసిస్టెన్స్ దాదాపు సున్నా, కాబట్టి వైరింగ్ బాగుంటే రీడింగ్ ఒక్కసారిగా వంద దాటాలి. మైనస్ 40 దగ్గరే ఉండిపోయింది. (నా కారులో ఇది రెండు పిన్నుల సెన్సార్. ఎయిర్ ఫ్లో సెన్సార్‌తో కలిసి వచ్చే ఐదు పిన్నుల రకమైతే వైరింగ్ డయాగ్రమ్ చూడకుండా ఇలా కలపకండి.)

సెన్సార్ మళ్లీ తగిలించి, ఫోన్ ఎదురుగా పెట్టుకుని వైరుని కొంచెం కొంచెంగా వంచుతూ వెళ్లాను. కనెక్టర్‌కి రెండు వేళ్ల దూరంలో వంచగానే 26 వచ్చింది. వదిలితే మళ్లీ మైనస్ 40. పైన తొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి తీగ తెగిపోయింది. అతికించి టంకం వేశాను. కోడ్ చెరిపేశాక లైటు మళ్లీ రాలేదు.

లోపాలూ ఉన్నాయి. నాలుగైదు రీడింగులు ఒకేసారి పెడితే అంకెలు ఆలస్యంగా మారతాయి, కాబట్టి వైరు వంచి చూసేటప్పుడు ఒక్కటే పెట్టుకోండి. పని అయ్యాక సాకెట్‌లోంచి పీకేయండి. అలాగే వదిలేసి రోజుల తరబడి కారు తీయకపోతే బ్యాటరీ దిగిపోతుంది.