జకార్తాలో కుర్రకారు అడ్డాలు భేష్, మేం దిగిన గది దండగ

బ్లాక్ ఎమ్ అనే పేట దగ్గర ఆ గదిని ఫొటోలు చూసి బుక్ చేసింది మా చెల్లెలు. గులాబీ రంగు నియాన్ దీపం, గోడ నిండా పోస్టర్లు, రీల్స్‌కి పనికొచ్చే అద్దం. రాత్రికి 4,20,000 రూపియా, మన డబ్బుల్లో 2,250 దాకా. కిటికీ తెర తీస్తే ఎదురుగా పక్క భవనం గోడ. షవర్‌లో నీళ్ళు సన్నటి దారంలా పడ్డాయి. "దీపం ఎందుకమ్మా, బక్కెట్టు ఉందా?" అంది అమ్మ. లేదు.

అసలు కడుపుమంట డిపాజిట్‌తో. ఖాళీ చేసేటప్పుడు తువాలుకి పసుపు మరకలున్నాయని 1,00,000 రూపియా పట్టేసుకున్నారు. అమ్మ పసుపు రాసుకుని ఏళ్ళయింది! మేనేజర్‌ని పిలవమంటే సాయంత్రం వస్తారన్నాడు కౌంటర్‌లోని కుర్రాడు, నవ్వుతూనే. మా విమానం మధ్యాహ్నం. అలాంటి అలంకారపు గదుల జోలికి వెళ్ళకండి. వెళ్ళినా అడుగుపెట్టగానే తువాళ్ళు సహా అన్నీ వీడియో తీసి పెట్టుకోండి.

ఊరు మాత్రం ఎంతో బాగుంది. నోట్లు అచ్చువేసే ప్రభుత్వ సంస్థ పెరూరి పాత ఉద్యోగుల ఇళ్ళని, గోదాముని 2019లో కొత్తగా తీర్చిదిద్ది ఎమ్ బ్లాక్ స్పేస్ అని తెరిచారు. కాఫీ కొట్లు, పాటల వేదిక, చిన్న దుకాణాలు ఉన్నాయక్కడ. ఒక్క కాఫీ చెప్పి గంటలు కూర్చున్నా లేవమన్నవాళ్ళు లేరు. అక్కడి పిల్లల బాతాఖానీ చూస్తుంటేనే పొద్దుపోయింది. పాలు, తాటిజాతి చెట్టు బెల్లం కలిపిన చల్లటి కాఫీ 22,000. మొదట మొహం చిట్లించిన అమ్మ రెండోది తనే అడిగింది.

ఒక కొట్లో నగదు తీసుకోం అన్నారు, ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కట్టే అక్కడి పద్ధతి క్రిస్ (QRIS) మాత్రమేనట. పక్క టేబుల్ అబ్బాయి తన ఫోన్‌తో కట్టి, మా నోట్లు తీసుకున్నాడు. పైసా ఎక్కువ అడగలేదు.

తిరగడానికి మెట్రో హాయి, ఈ చివర నుంచి ఆ చివరకి 14,000. ట్రాన్స్‌జకార్తా బస్సు 3,500. 2022లో శివారు పిల్లలు జీబ్రా గీతల మీద ఫ్యాషన్ షోలు చేసిన దుకూ అతాస్‌కి చెల్లెలు పట్టుబట్టి తీసుకెళ్ళింది. ఇప్పుడక్కడ ఆఫీసు జనమే. అలిగింది.

పసార్ సెనెన్ బజారులో తేరుకుంది. విదేశీ పాత బట్టల దిగుమతి నిషేధమే అయినా అక్కడ గుట్టలున్నాయి. డెనిమ్ జాకెట్ 75,000కి బేరం కుదిర్చింది. వేడినీళ్ళలో నానబెట్టేదాకా దాన్ని సూట్‌కేసులో పెట్టనివ్వనని అమ్మ. ఆ గదిలో వేడినీళ్ళెక్కడివి?