అల్బేనియా బంకర్లు చూడండి, ఎయిర్‌పోర్టు టాక్సీ మాత్రం వద్దు

జర్మనీ నుంచి అల్బేనియా రాజధాని టిరానాకి మేం ముగ్గురం వెళ్లాం: నాన్న, మా ఆవిడ, నేను. దిగగానే అర్ధరాత్రి ఓ టాక్సీవాడు పెట్టిన టోపీ సంగతి ముందు చెప్పేస్తాను, లేకపోతే నాకు నిద్ర పట్టదు.

ఊళ్లోకి 17 కిలోమీటర్లు. "20 వేలు" అన్నాడు. అక్కడి లేక్, మన రూపాయి ఇంచుమించు ఒకటే విలువ, గుండె గుభేలుమంది. వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన మా నాన్న గాజువాక లెవెల్లో బేరమాడి 5 వేలకు దించారు. దారి పొడుగునా మీసం మెలేశారు కూడా.

పొద్దున్న గెస్ట్‌హౌస్ ఆవిడ విని నెత్తి కొట్టుకుంది. 1965లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఓ సున్నా కోసేసి, పది పాత లేక్‌లకి ఒక కొత్త లేక్ ఇచ్చిందట. జనం ఇంకా పాత లెక్కలోనే మాట్లాడతారు. వాడు అడిగింది పాత 20 వేలు, అంటే 2 వేలు. న్యాయమైన కిరాయే! నాన్న 5 వేలు అనగానే ఆ దొంగ కిక్కురుమనకుండా కొత్త నోట్లు లెక్కపెట్టుకున్నాడు. "ఇలా పైకి బేరమాడటం మావయ్యగారికే చెల్లింది" అని మా ఆవిడ పకపకా నవ్వింది. నాన్న కాఫీ సగంలో వదిలేసి లేచిపోయారు.

పాత బంకర్‌నే మ్యూజియం చేసిన బంక్ఆర్ట్-1కి సిటీ బస్సు, మనిషికి 40 లేక్. టికెట్ 900. కొండ కింద అయిదు అంతస్తులు, 106 గదులు. అణుయుద్ధం వస్తే అప్పటి కమ్యూనిస్టు నియంత ఎన్వర్ హోజా, ఆయన మంత్రులు దాక్కోడానికి 1970ల్లో తవ్వించారు. హోజా గదికి చెక్క పలకల గోడలు, పక్కనే సొంత బాత్రూం. మిగతాదంతా పచ్చి సిమెంటు, చెమ్మ వాసన. ఎండాకాలమైనా స్వెట్టర్ తీసుకెళ్లండి.

హోజాకి పడినవాళ్లెవరు? 1948లో యుగోస్లావియాతో చెడింది, 1961లో సోవియట్‌తో తెగింది, 1968లో సోవియట్ సైనిక కూటమి వార్సాకే రాంరాం. 1978లో చైనా కూడా సాయం ఆపేసింది. దాంతో ఎటునుంచి ఎవడు దిగుతాడోనన్న భయం. 1983 నాటికి సుమారు 1,73,000 బంకర్లు కట్టారు, జనాభా 30 లక్షలు కూడా లేని దేశంలో. పొలాల్లో, సముద్రపొడ్డున, చివరికి శ్మశానాల దగ్గరా ఆ సిమెంటు బుర్రలే. దాడి మాత్రం ఎవరూ చెయ్యలేదు. ఆ సిమెంటూ ఇనుమూ ఇళ్లకి వాడుంటే ఎన్ని కుటుంబాలు గట్టెక్కేవో! ఊరి నడిబొడ్డున ఉన్న బంక్ఆర్ట్-2 దీనికి పిల్ల. టైం తక్కువుంటే అది మానెయ్యండి. ఇరుకు, జనం తోపులాట.

బెరాత్ అనే పాత ఊరు బాగుంది, ఫొటోల్లో ఉన్నట్టే ఉంది.

నాన్న అలక తీరింది ఎల్బసాన్ అనే ఊళ్లో. టిరానా నుంచి ఫుర్గాన్ అనే షేర్ వ్యాన్, తలకి 200 లేక్, నిండితేనే కదులుతుంది. అక్కడి ఉక్కు కర్మాగారాన్ని 1970ల్లో చైనా సాయంతో కట్టారు. హోజా దాన్ని దేశానికి రెండో విముక్తి అన్నాడు. చైనావాళ్లు వెళ్లిపోయాక విడిభాగాలకి దిక్కు లేదు. పైగా 1976 రాజ్యాంగంలో విదేశీ అప్పే నిషేధం. ఇప్పుడు చాలాభాగం తుప్పు. లోపలికి పంపరు. నాన్నకి కంచె బయటే చాలింది. "కోక్ ఓవెన్లు అటుండాలి, ఖనిజం ఇటునుంచి రావాలి" అంటూ చెయ్యి చాచి ప్లాంటు మొత్తం మాకు అప్పజెప్పారు. రోడ్డు పక్కన నల్లటి స్లాగ్ (ఇనుప చిట్టెం) ముక్క ఏరి, చొక్కాకి తుడిచి ఎండకి తిప్పి తిప్పి చూశారు. బ్యాగులో పెట్టబోతే మా ఆవిడ కళ్లెర్రజేసింది.

"మాకు రష్యావాళ్లు డ్రాయింగులిచ్చారు, వీళ్లకి చైనావాళ్లు. మావాళ్లు మాత్రం మధ్యలో లేచిపోలేదురా" అన్నారు.

పొద్దున్నుంచీ ఆయన నోట ఇన్ని మాటలు విన్నది అప్పుడే.

అక్కడే తవె కోసి తిన్నాం. గొర్రె మాంసం మీద పెరుగు, గుడ్లు కలిపి పోసి, మట్టి పాత్రలో పైన ఎర్రగా పొరకట్టేదాకా కాలుస్తారు. ఎల్బసాన్‌దే ఆ వంట. పెరుగులో మాంసమా అని మొహం చిట్లించిన నాన్న గిన్నె అడుగు దాకా గీకారు. ప్లేటు 650. మా ఆవిడ మాంసం ముట్టదు. మిరపకాయలు, టమాటా, జున్నుతో చేసిన ఫెర్గెసె 400 పెట్టి తింది, కారం లేదని సణిగింది. ఆవకాయ పొట్లం గెస్ట్‌హౌస్‌లో ఉండిపోయింది మరి.

వెళ్లేవాళ్లకి: ఎయిర్‌పోర్టు బస్సు 400 లేక్, అదే ఎక్కండి. ఎవరేం ధర చెప్పినా ఫోన్లో అంకె కొట్టించి చూడండి. బంక్ఆర్ట్-1 దగ్గరే డైతి కొండ ఎక్కే కేబుల్ కార్ ఉంది, మంగళవారం మాత్రం నడవదు.